తాళంచెవి ఎక్కడ పెట్టారు?

(ఆటస్థలాలు, వ్యాయామశాలలు, ఈతకొలనుల్లో మీకు ఎదురైన అనుభవాలకు, పాలమూరు బడుల్లో 34 ఏళ్లు ఆటలు నేర్పిన వ్యాయామ ఉపాధ్యాయురాలి జవాబులు)

*టీచర్ గారూ, నమస్కారం. నా వయసు 46. ఇంట్లోనే బట్టలు కుడతాను. రోజంతా మిషను ముందు కూర్చుని నడుము పట్టేస్తోందని పక్కింటావిడా నేనూ కలిసి, మా వార్డు ఆటల కేంద్రంలో నెలకు 300 రూపాయలు కట్టి చేరాం. బడిలో ఉన్నప్పుడు షటిల్ బాగా ఆడేదాన్ని. మొదటి రోజు సాయంత్రం ఆరింటికి వెళ్తే నలుగురు కుర్రాళ్లు ఆడుతున్నారు. “ఒక్క గేమ్ ఆగండి ఆంటీ” అన్నారు. ఏడుంబావు దాకా గోడ పక్కన నిలబడ్డాం. ఒక గేమ్ కాస్తా నాలుగయ్యాయి. మధ్యలో బాత్రూముకు వెళ్దామంటే తాళం. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్లాడన్నారు. ఇంటికి వచ్చేశాం. మళ్లీ వెళ్లబుద్ధి కావడం లేదు. డబ్బు పోతే పోయిందని ఊరుకోమంటారా?*
– ఒక పాఠకురాలు, నల్లగొండ

ఊరుకోవద్దు చెల్లీ. కుర్రాళ్ల సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆ తాళం సంగతి చూద్దాం.

నేను పనిచేసిన ఒక బడిలో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఖోఖో సాధనకు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఒకరు ఎండ అన్నారు, ఒకరు ఇంట్లో పని అన్నారు. జట్టుకు 12 మంది కావాలి, నాకు ఐదుగురు మిగిలారు. చివరికి ఒక పిల్ల దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది: నాలుగున్నర కాగానే మరుగుదొడ్డికి తాళం వేసేస్తున్నారట. అందుకని పిల్లలు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేశారు. గొంతు ఎండి, ఆ ఎండలో పరిగెత్తి, కళ్లు తిరిగితే ఇంటికి పోతున్నారు. ఇన్నాళ్లూ వాళ్లకు శ్రద్ధ లేదని కోప్పడ్డానే అని నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే తాళంచెవికి ఎర్ర రిబ్బను ముక్క కట్టి, నా గది తలుపు పక్కన మేకుకు తగిలించాను. ఎవరినీ అడగనక్కర్లేదు, తీసుకెళ్లి మళ్లీ తెచ్చి తగిలిస్తే చాలు. మరుసటి వారం పదకొండు మంది వచ్చారు.

అందుకని మీరు మొదట అడగాల్సింది షటిల్ కోర్టు గురించి కాదు, తాళంచెవి గురించి. వాచ్‌మన్ బల్ల పక్కన ఒక మేకు కొట్టించి, కేంద్రం తెరిచి ఉన్నంతసేపూ తాళంచెవి అక్కడే ఉండేలా చూడమనండి. పైసా ఖర్చు లేని పని. ఆడవాళ్లు రావడం లేదని వాపోయే కేంద్రాల్లో ముందు ఈ మేకు ఉందో లేదో చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక కోర్టు. షటిల్ గేమ్ 21 పాయింట్లకు. 20–20 అయితే రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా ఆడతారు, ఎంత సాగినా 30తో ముగుస్తుంది. డబుల్స్ అయినా ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. అంటే ఒక్క కోర్టు మీద గంటకు మూడు గేములు, 12 మందికి ఆట. గేమ్ కాగానే నలుగురూ దిగిపోవాలి, గెలిచినవాళ్లయినా సరే. మా పిల్లలకు నేను నేర్పిన పద్ధతి ఒకటుంది. వచ్చినవాళ్లు వచ్చిన వరసలో రాకెట్లను బెంచీ మీద పేర్చాలి. గేమ్ అయిపోగానే మొదటి నాలుగు రాకెట్లవాళ్లు ఆటలోకి దిగాలి. నోరు తెరిచి అడగాల్సిన పని లేదు, వాదన లేదు. మీరిద్దరే ఉంటే తర్వాతి వరసలోని మరో ఇద్దరు మీతో కలుస్తారు, వాళ్లు కుర్రాళ్లయినా సరే. ఆ పిల్లల మీద కోపం పెట్టుకోకండి. వాళ్లకు ఇలా ఒకరు చెప్పి ఉండరు. చెబితే వినే వయసే అది.

నోటిమాటతో జరగకపోతే తెల్ల కాగితం మీద ఈ రెండు విషయాలే రాసి, పదిమంది ఆడవాళ్ల చేత సంతకాలు పెట్టించి మున్సిపల్ కమిషనర్ కార్యాలయంలో ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోవడం మరవకండి. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, ఆ ముద్ర పడిన కాగితంతో వెళ్లండి. కోర్టు వేళలు ఎవరికి ఎలా కేటాయించారో సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇంకొక్క మాట. ఏళ్ల తరబడి మిషను మీద వంగిన భుజం మీది. చిన్నప్పటి ఆట గుర్తుకొచ్చి మొదటి రోజే స్మాష్ కొట్టకండి. పది నిమిషాలు నడిచి, చేతులు తిప్పి, మొదటి వారమంతా నిదానంగా కాక్‌ను అటూ ఇటూ పంపుకోండి. చెప్పులతో మాత్రం దిగవద్దు, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి.

*మా పాపను ఈతకు పంపుతున్నాం. కొలను దగ్గర ఘాటు వాసన, ఇంటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. క్లోరిన్ ఎక్కువ వేస్తున్నారా?*
– ఒక తల్లి, మహబూబ్‌నగర్

చాలామంది అలాగే అనుకుంటారు. చెమట, మూత్రం నీళ్లలో కలిసి క్లోరిన్‌తో చర్య జరిపినప్పుడు పుట్టే పదార్థాలదే ఆ ఘాటు, ఆ మంట. అంటే పిల్లలు స్నానం చేయకుండా దిగుతున్నారన్నమాట. దిగేముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబెట్టండి, మిగతా తల్లులకూ చెప్పండి. నీటి పరీక్ష రాసే పుస్తకం చూపించమని అడగండి. పీహెచ్ (నీటిలోని ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, క్లోరిన్ లీటరుకు కనీసం ఒక మిల్లీగ్రాము ఉండాలి. లోతు వైపు అడుగున ఉన్న జాలీ గట్టు మీది నుంచి కనబడని రోజు పాపను నీళ్లలోకి దించవద్దు.

*నా వయసు 67. మా ఊరి బోరు నీళ్లు ముప్పై ఏళ్లు తాగాను. వీపు, మెడ బిగుసుకుపోయాయి. వృద్ధుల వ్యాయామానికని పట్నంలోని కేంద్రానికి వెళ్తే, నేర్పే అబ్బాయి “వంగండి తాతా, బద్ధకం వద్దు” అని వీపు మీద చెయ్యి వేసి నొక్కాడు. రెండు రోజులు లేవలేకపోయాను.*
– ఒక పాఠకుడు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా

అన్నగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీది బద్ధకం కాదు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంతకు బాగా మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు మందమవుతాయి, కీళ్లను పట్టి ఉంచే బంధాలు సున్నం పట్టి గట్టిపడతాయి. అలాంటి వీపును బలవంతంగా వంచితే సాగదు, దెబ్బ తింటుంది. వెన్నుపూసల లోపల నరాలకు చోటు తగ్గి ఉంటే మెడ మీద ఒత్తిడి మరీ ప్రమాదం. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే విధానానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టింది. ఈ నేల మీద వ్యాయామం నేర్పడానికి వచ్చేవాళ్లకు ఆ పేరు వెనక ఉన్న బాధ తెలిసి ఉండాలి. ముందుగా ఎముకల డాక్టరుకు చూపించి, ఏ కదలికలు వద్దో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం ఆ అబ్బాయి చేతికే ఇవ్వండి. కాళ్లలో తిమ్మిరి గానీ, నడకలో తూలు గానీ ఉంటే ఆలస్యం చేయవద్దు.

నడక మీకు మంచిది, నొప్పి పుట్టనంత దూరం. క్యారమ్స్ కూడా ఆడవచ్చు. బోర్డు మీదికి వంగలేరు కాబట్టి స్టాండు నాలుగు కాళ్ల కిందా రెండేసి ఇటుకలు పెట్టించండి. ఎదుటివాళ్లు కుర్చీలో దిండు వేసుకుని కూర్చుంటారు.