కొన్నాక మోజు ఎందుకు తీరదు?

ప్రశ్న: ఫొటోలు తీయడం నాకు సరదా. మంచి కెమెరా ఒకటుంటే చాలనుకున్నాను. కొన్నాక లెన్స్ మీద మనసు పడింది. అదీ కొన్నాను. ఇప్పుడు రాత్రిళ్లు కూర్చుని ఇంకో లెన్స్ రివ్యూలు చూస్తున్నాను. ఉన్నవాటిని బీరువాలోంచి తీసి చాలా రోజులైంది. ‘నీకెంత ఉన్నా చాలదు’ అంటోంది మా ఆవిడ. ఇది దురాశా, లేక జబ్బా?
(పేరు వద్దన్నారు)

జవాబు: అప్పు చేసో, ఇంట్లో తెలియకుండానో కొంటున్నారంటే సైకాలజిస్టును కలవమని చెప్పేవాణ్ని. మీ ఉత్తరంలో ఆ ఛాయలేం లేవు. ఉన్నది వేరే: రివ్యూలు చూసేటప్పుడున్న హుషారు కెమెరా పట్టుకుంటే ఉండట్లేదు.

ఒకటి కావాలనిపిస్తే అది నచ్చినట్టేనని మనం అనుకుంటాం. మెదడులో ఆ రెండూ వేర్వేరు దారులు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే పరిశోధకులు ఎలుకల మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేసి చూశారు. ఎదురుగా తిండి పెట్టినా అవి ముట్టలేదు. నోట్లో తియ్యటి నీళ్లు పోస్తే మాత్రం ఎప్పట్లాగే మూతి నాక్కున్నాయి. రుచి అలాగే ఉంది, కావాలన్న తపనే పోయింది. మీ కథ దీనికి తిరగేసింది. తపన దండిగా ఉంది, రుచి చూడ్డానికే తీరిక లేదు.

కోరికలు తగ్గించుకోండి అని రాసేసి ఊరుకోవచ్చు. అలా రాయడం నాకిష్టం లేదు. ఇలాంటి చోట అందరూ ఉదహరించేది 1978 నాటి ఒక పరిశోధన. లాటరీ గెలిచినవాళ్లు మామూలువాళ్ల కంటే పెద్ద సంతోషంగా ఏం లేరనీ, స్నేహితుడితో కబుర్లు, జోకులు, పత్రిక చదవడం లాంటి చిన్న సరదాలు వాళ్లకి కాస్త చప్పబడ్డాయనీ అందులో తేలింది. (పత్రిక చదవడం కూడానట. మాకేం నవ్వు రాలేదు.) కానీ ఆ విజేతలు 22 మందే. 2020లో వెలువడిన స్వీడన్ పరిశోధన చూస్తే, పెద్ద మొత్తాలు గెలిచినవాళ్లకి జీవితం మీద తృప్తి పెరిగింది, పదేళ్లు దాటినా నిలిచింది. కాబట్టి ఇంకా కావాలనుకోవడమే తప్పని నేననను.

ఈ రాత్రి రివ్యూలు ఆపి, మీరు తీసిన ఫొటోల్లో బాగా నచ్చినవి ఓ ఇరవై ఏరండి. ఏ లెన్స్‌తో, ఎంత జూమ్‌లో, అంటే ఎంత ఫోకల్ లెంగ్త్‌లో తీశారో సాధారణంగా ఆ ఫైల్‌లోనే నమోదై ఉంటుంది. జూమ్ చివరిదాకా వెళ్లినా దూరంగా ఉన్న పిట్టలాంటిది చిన్నగానే పడిన ఫొటోలు వాటిలో ఎక్కువుంటే, కొత్త లెన్స్ మీకు నిజంగానే అవసరం. మీ ఆవిడకి ఆ ఫొటోలే చూపించండి. ఇరవై కూడా పోగవకపోతే ముందు బీరువా తెరవండి. ఫొటోలు తీయడం కంటే రివ్యూలు చూడటమే బాగుందనిపిస్తే, హాయిగా అవే చూసుకోండి. దానికి లెన్స్ కొనక్కర్లేదు.