గోడ మీద ఎర్ర గుర్తు, మ్యాపులో నీలం రంగు

ప్రశ్న: మాది చాదర్‌ఘాట్, మూసీ పక్కనే. 2024లో మూసీ రివర్‌ఫ్రంట్ ప్రాజెక్టు అంటూ అధికారులు వచ్చి గోడ మీద ఎర్ర పెయింటుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసిపోయారు. సున్నం కొట్టినా ఆ అక్షరాలు పైకి తేలుతున్నాయి. మా గల్లీలో కొందరు మలక్‌పేట పిల్లిగుడిసెల డబుల్ బెడ్రూం ఇళ్లకు వెళ్లిపోయారు. మేం కదల్లేదు. మా ఆయనకు గంజ్‌లో హమాలీ పని, దూరంగా ఇల్లిస్తే కూలి పోతుంది. ఒకరు పార్కులంటారు, ఒకరు టవర్లంటారు, ఇంకొకరు టెండర్లంటారు. ఇంతకీ మా జాగాలో ఏం కడతారు సార్? ఎవరిని అడగాలి?
- ఓ గృహిణి, చాదర్‌ఘాట్

జవాబు: అమ్మా, మీకు నచ్చని మాట ముందే చెప్పేస్తాను. ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీగర్భం. మీ ఇల్లు నిజంగానే దాని లోపల ఉంటే అక్కడే ఉండండని నేను అనలేను. 2020 అక్టోబరులో, మళ్లీ 2025 సెప్టెంబరులో మూసీ మీ వైపు ఎలా వచ్చిందో మీకు నేను చెప్పాలా?

కానీ ఇల్లు ఖాళీ చేయించడం ఒక సంగతి, ఖాళీ అయిన జాగా ఎవరి చేతికి పోతుందన్నది వేరే సంగతి. రెండింటినీ ఒకే మూటగట్టి మాట్లాడుతున్నారు. తిరకాసంతా అక్కడే.

నేను 31 ఏళ్లు టౌన్ ప్లానింగ్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కంప్యూటర్లు రాకముందు మాస్టర్ ప్లాన్‌కు చేత్తోనే రంగులు వేసేవాళ్లం. పసుపు ఇళ్లకు, నీలం వ్యాపారానికి, ఊదా ఫ్యాక్టరీలకు, ఆకుపచ్చ పార్కులకు. ఒక ఊళ్లో, పేరెందుకులెండి, చెరువు గట్టున పార్కుకని పొద్దున నేను ఆకుపచ్చ వేసిన ముక్కకు సాయంత్రం నాచేతే నీలం వేయించారు. ఆరాక వెలుతురుకు పెట్టి చూస్తే నీలం కింద ఆకుపచ్చ తెలిసిపోయేది. అభ్యంతరాలుంటే చెప్పమని ఆ మ్యాపును ఆఫీసులో బీరువా వెనక గోడకు తగిలించారు. వచ్చినవి మూడే ఉత్తరాలు. 'ప్రజల నుంచి చెప్పుకోదగ్గ అభ్యంతరం లేదు' అని నోట్ పెట్టారు. దాని ఫెయిర్ కాపీ రాసింది కూడా నేనే. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అందుకే ఏ నది ప్రాజెక్టు గురించి విన్నా నేను బొమ్మలు చూడను. నీలం ఎంత, ఆకుపచ్చ ఎంత అని అడుగుతాను. అందరూ చెప్పే అహ్మదాబాద్ సబర్మతి నది ఒడ్డు ప్రాజెక్టునే తీసుకోండి. దానికోసం 1997లో కంపెనీ పెట్టారు. ఒక్కో ఒడ్డున దాదాపు 11 కిలోమీటర్లు గోడ కట్టి, నదిని 263 మీటర్ల వెడల్పుకు కుదించి, సుమారు 200 హెక్టార్లు నది నుంచి తీశారు. అందులో దాదాపు 14 శాతం అమ్ముకోవడానికి, మిగతాది రోడ్లకు, పార్కులకు. ఆ 14 శాతం అంకెను కాగితం మీద పెట్టారు, మెచ్చుకోవాల్సిందే. మరి గుడిసెల వాళ్లో? వాళ్లు 2005లో హైకోర్టుకెక్కాల్సి వచ్చింది. పదివేలకు పైగా కుటుంబాలు కదిలాయి, కొందరికి ఊరి చివర వట్వాలో ఇళ్లిచ్చారు. పని ఉన్నచోటు నుంచి అంత దూరమంటే ఏమిటో మీ ఆయనకు ఎవరూ వివరించక్కర్లేదు. నదిలో కనిపించే ఆ నీళ్లు కూడా నర్మద కాలువవి.

మనకూ ఒక పాత లెక్క ఉంది. 1908 సెప్టెంబరు 28 వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. పైన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కింద ఒడ్డున లేచినవేమిటి? హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ. ఒడ్డు ఊరుమ్మడి సొత్తుగా ఉండిపోయింది.

ఇప్పటి సంగతి. మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 2017 నుంచి ఉంది. ప్రాజెక్టు నివేదిక కోసం 2024లో మెయిన్‌హార్ట్ అనే కంపెనీ ముందున్న కంపెనీల కూటమికి 141 కోట్ల పని అప్పగించారు. ఖర్చు లక్షన్నర కోట్లని కొందరు, కాదని కొందరు తిట్టుకున్నారు. ఆ రభసలో మీ ప్రశ్న ఎవరికీ వినబడలేదు.

సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌కు దరఖాస్తు పెట్టండి. మీ గల్లీ దగ్గర నది హద్దును ఏ సర్వే ప్రకారం, ఎంత వరదకు గీశారో అడగండి. మీ జాగాకు ప్రతిపాదించిన భూ వినియోగం ఏమిటో, ఆ మ్యాపు కాపీతో సహా అడగండి. జవాబుకు 30 రోజుల గడువు. 'ప్రాజెక్టు మంచిదా కాదా' అని మాత్రం రాయకండి, తిరుగు టపాలో తిప్పి పంపుతారు.

ఇంకొకటి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సేకరిస్తే, పట్టా లేకపోయినా పట్టణంలో అంతకుముందు మూడేళ్లుగా అక్కడే ఉన్న కుటుంబం, లేదా మూడేళ్లుగా ఉన్న ప్రధాన జీవనాధారం ఆ సేకరణతో దెబ్బతిన్న కుటుంబం కూడా బాధిత కుటుంబమే. హమాలీ కార్డు, కరెంటు బిల్లులు, పిల్లల బడి కాగితాలు ఒక కవర్‌లో పెట్టి, ఆ కవర్ ఇంట్లో కాకుండా వరద రాని ఎత్తు ప్రాంతంలో ఉన్న బంధువుల దగ్గర పెట్టండి.

ప్రశ్న: నది ఒడ్డు భూములకు 'స్విస్ ఛాలెంజ్' అంటారు. అది టెండరేనా? అమరావతిలో ఎందుకంత గొడవైంది?
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: టెండరే, కాకపోతే వరస తిరగబడింది. మీరు అడక్కుండానే ఒకాయన మీ ఖాళీ స్థలానికి ప్లాన్ గీసుకొచ్చి ఇంతిస్తానంటాడు. మీరు ఊళ్లో చాటింపు వేస్తారు. ఇంకొకడు ఎక్కువంటే, ఆ ధరకు తానే తీసుకునే అవకాశం మొదటాయనకుంటుంది. 2009లో సుప్రీంకోర్టు ఈ పద్ధతి చెల్లుతుందంటూనే, ఏ తరహా ప్రాజెక్టులకు వాడతారో ముందే ప్రకటించాలని చెప్పింది.

అమరావతిలో కృష్ణ ఒడ్డున 1,691 ఎకరాల స్టార్టప్ ఏరియాకు సింగపూర్ కంపెనీలు అలా వచ్చాయి. ప్రభుత్వానికి అవి ఎంత వాటా ఇస్తామన్నాయో పోటీదారులకు చెప్పలేదన్నది గొడవ. ఎదుటివాడి పాట వినకుండా వేలం పాడటం ఎలా? 2016లో హైకోర్టు స్టే ఇచ్చింది. చట్టం సవరించి మళ్లీ పిలిచారు, 2017లో ఒప్పందం చేసుకున్నారు, 2019లో రద్దయింది.

మూసీకి కూడా ఇదే దారి అని నేను అనడం లేదు. చాదర్‌ఘాట్ అమ్మగారు తన దరఖాస్తులో ఇంకో వాక్యం చేర్చుకుంటే సరి: ఒడ్డున భూమి ఎవరికైనా ఇస్తే వేలమా, లీజా, స్విస్ ఛాలెంజా?