బూడిద రంగు బాంటమ్‌లకు నల్లపిల్లలు ఎందుకు పుట్టాయి?

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర పల్లె. నిరుడు ఫ్యాన్సీ కోళ్ల మీద మోజుపడి, బూడిద రంగు కొచ్చిన్ బాంటమ్ (చిన్న సైజు కోడి) పుంజునొకదాన్ని, అదే రంగు పెట్టలు మూడింటిని కొన్నాను. అసలు జాతి, రంగు తేడా రాదని అమ్మినాయన చెప్పాడు. ఈ ఏడు 23 పిల్లలు అయితే 12 మాత్రమే బూడిదవి. 6 నల్లవి, 5 తెల్లవి. తెల్లవాటి మీద మరకలున్నాయి. నాటుపుంజు దూరకుండా చుట్టూ వల కట్టే ఉంది. బూడిదవాటికే గిరాకీ. మిగతావి పర్లాకిమిడి తీసుకెళ్లి కూరకోళ్ల ధరకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. నేను మోసపోయానా? ఇంకోటి, మా దగ్గర పొట్టికాళ్ల జపనీస్ బాంటమ్ జంట కూడా ఉంది. పుంజు మంచిదే అయినా ప్రతిసారీ కొన్ని గుడ్లు పిల్ల కావడం లేదు. ఎందుకు?

జవాబు: మోసపోలేదండీ. అమ్మకానికి మాత్రం తీసుకెళ్లకండి. ఆ నల్లవాటినీ మరకలవాటినీ ముందు వేరే గూట్లో పెట్టి, తర్వాత ఈ జవాబు చదవండి.

అమ్మినాయన మాట తప్పుగానీ కోళ్లు కల్తీవి కావు. ఫ్యాన్సీ కోళ్లవాళ్లు బ్లూ అనే ఈ పలక రంగు, బూడిదను బూడిదతోనే జత కడితే ఎన్ని తరాలైనా నిలకడగా రాదు. ఎందుకంటే నల్లరంగును పలచబరిచే జన్యువు ఒకటుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి పిల్లకు వస్తాయి. పలచబరిచే రకం ప్రతి అసలు రాకపోతే కోడి నల్లగానే ఉంటుంది. ఒకటి వస్తే బూడిద. రెండూ అవే వస్తే నలుపు దాదాపు చెరిగిపోయి, మాసిన తెలుపు మీద బూడిద మరకలు మాత్రం మిగులుతాయి. దీన్నే స్ప్లాష్ అంటారు. మీ తెల్లపిల్లలు అవే.

చాటలో మినుములూ బియ్యమూ కలిపి దూరం నుంచి చూస్తే బూడిదగానే కనిపిస్తాయి. ఏరితే మాత్రం మినుములు మినుములే, బియ్యం బియ్యమే. మీ బూడిద కోడి లోపల కూడా అంతే, రెండు రకాల ప్రతులూ విడివిడిగానే ఉంటాయి. బూడిదను బూడిదతో జత కట్టినప్పుడు నాలుగు పాళ్లలో ఒక పాలు నల్లవి, రెండు పాళ్లు బూడిదవి, ఒక పాలు స్ప్లాష్ వస్తాయి. ఆ లెక్కన 23లో సుమారు ఆరు, పన్నెండు, ఆరు రావాలి. మీకు 6, 12, 5 వచ్చాయి. నిజం చెప్పాలంటే ఇంత దగ్గరగా కుదరడం మాకే అరుదు! తక్కువ పిల్లలున్నప్పుడు లెక్క బాగా అటూ ఇటూ అవుతుంది. ఎనిమిది పిల్లలుంటే ఎనిమిదీ బూడిదే రావడం 256లో ఒకసారి జరగొచ్చు, ఒక్కటీ రాకపోవడం కూడా అంతే. కాబట్టి మీ వలను అనుమానించకండి.

ఇది కొత్త సంగతేమీ కాదు. వందేళ్ల పైచిలుకు కిందటే ఇంగ్లండులో బేట్సన్, పన్నెట్ అనే శాస్త్రవేత్తలు ఆండలూసియన్ అనే బూడిద జాతి మీద ఈ లెక్క తేల్చారు. మీ ఇంట్లో ప్లస్ టూ సైన్స్ చదివే పిల్లలుంటే పన్నెట్ చదరం (తల్లిదండ్రుల ప్రతులు ఎలా కలుస్తాయో చూపే గళ్ల పట్టిక) గీసి చూపించమనండి, రెండు నిమిషాల పని.

ఇక మీకు కావలసింది. నల్లదాన్ని స్ప్లాష్‌తో జత కట్టండి. పిల్లలన్నీ బూడిదే వస్తాయి, నూటికి నూరు. పుంజు ఏది, పెట్ట ఏది అన్నది లెక్కలోకి రాదు, ఈ జన్యువు లింగ క్రోమోజోము మీద లేదు. బూడిదను నల్లదానితో కడితే సగం బూడిద, సగం నల్లవి. బూడిదను స్ప్లాష్‌తో కడితే సగం బూడిద, సగం స్ప్లాష్. మీరు కూరకి ఇద్దామనుకున్నవే మీకు అసలు విత్తనం.

నల్లవాటిలో నల్లవాటినే జత కడితే మాత్రం, తల్లిదండ్రులు బూడిదవైనా, బూడిద పిల్ల ఒక్కటీ రాదు. రక్తంలో ఎక్కడో దాగి ఉంటుందిలే అనుకోవద్దు. అలాగే ఊళ్లో దొరికే తెల్లకోడిని స్ప్లాష్ అనుకుని తెచ్చుకోకండి. పందేలవాళ్లు సేతువ అనే ఆ తెలుపు వేరే జన్యువుల పని. నల్లగా ఉండే నాటు కాకిపుంజుతోనూ జాగ్రత్త. దాని మెడ మీద ఎర్ర ఈకలు ఉంటే అవి పిల్లలకూ దిగుతాయి. ఈ జన్యువు నలుపునే పలచబరుస్తుంది, ఎరుపు జోలికి పెద్దగా పోదు. బూడిద కోడి మెడ మీద రాగి రంగు కనిపిస్తే ఫ్యాన్సీవాళ్లు ధర తగ్గిస్తారు.

జతలు మార్చిన మర్నాడే గుడ్లు పొదిగించకండి. పెట్ట కడుపులో పాత పుంజు వీర్యం రెండు, మూడు వారాలు బతికే ఉంటుంది. కనీసం మూడు వారాలు ఆగాక ఏరిన గుడ్లే లెక్కలోకి తీసుకోండి. పిల్లల కాళ్లకు రింగులు వేసి, ఏది ఏ జతదో నోటుబుక్కులో రాయండి. ఇవన్నీ ఒక్క పుంజు సంతానం, అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములే. ఈ ఒక్కసారికి పర్వాలేదు, వచ్చే ఏడు మాత్రం వేరేచోట నుంచి నల్ల కొచ్చిన్ బాంటమ్ పుంజును తెచ్చుకోండి. తెచ్చినదాన్ని మూడు వారాలు విడిగా ఉంచి, కొక్కెర తెగులు టీకా వేయించాకే మందలో కలపండి.

పొట్టికాళ్ల జంట సంగతి కూడా ఈ లెక్కే, కాకపోతే అక్కడ నష్టం ఉంది. కాళ్లు పొట్టి చేసే జన్యువు ఒక ప్రతి వస్తే అందం, రెండు ప్రతులూ వస్తే పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. పొట్టిదాన్ని పొట్టిదానితో కట్టినన్నాళ్లూ విత్తుపట్టిన గుడ్లలో సుమారు పావువంతు పోతూనే ఉంటాయి, ఇంక్యుబేటర్ మార్చినా లాభం లేదు. పుట్టినవాటిలో మూడింట ఒకటి పొడుగుకాళ్లది ఉంటుంది. దాన్ని పొట్టిదానితో జత కట్టండి. పిల్లల్లో సగమే పొట్టివి వస్తాయి, కానీ ఈ జన్యువు వల్ల ఒక్క గుడ్డూ పోదు.