డోసు ఇచ్చానో లేదో గుర్తుండటం లేదు... ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాది కదిరి. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని, వయసు 31. 2021లో సెకండ్ వేవ్ అప్పుడు పీపీఈ కిట్‌లోనే వరసగా డబుల్ డ్యూటీలు చేశాను. అప్పటినుంచి నిద్ర సరిగా లేదు. ఇంట్లో ఏదైనా బీప్ మంటే గుండె దడదడలాడుతుంది. ఈ మధ్య డోసు ఇచ్చానో లేదో గుర్తుండటం లేదు. రెండుసార్లు పొరపాటు చేయబోయి ఆగాను. శ్రద్ధ లేదంటున్నారు ఇంచార్జి. ఉద్యోగం మానేయాలా?

జవాబు: శ్రద్ధ లేనివాళ్లు చేయబోయి ఆగరు సిస్టర్, చేసేసి పక్క బెడ్‌కి వెళ్లిపోతారు.

కొంత ఒత్తిడి పనికి ఊతమే. కోడ్ బ్లూ (పేషెంటు గుండె ఆగిందన్న అత్యవసర పిలుపు) వస్తే చేతులు చకచకా కదిలేది దానివల్లే. అది నెలల తరబడి దిగకపోయినా, దానికి నిద్రలేమి తోడైనా ముందు దెబ్బతినేది చేస్తున్న పనిని అప్పటికప్పుడు బుర్రలో పట్టి ఉంచే శక్తి. కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టడం చెయ్యి మరిచిపోదు, ఎంత మందు లోడ్ చేశామో మాత్రం జారిపోతుంది. 17 గంటలు మెలకువగా ఉంటే చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. మన దగ్గర బండి నడిపేవాళ్లకు పరిమితి 0.03. కాబట్టి డబుల్ డ్యూటీ దిగి సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో స్కూటీ నడపొద్దు, బస్సెక్కండి.

ఇన్సులిన్ సంగతే చూడండి. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే వయల్‌కి (మందు సీసాకి) ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండేదానికి నారింజ మూతది. తెల్లవారుజామున 4 గంటలకు ట్రేలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. 40 వయల్‌ని నారింజ సిరంజిలో 20 గీత దాకా లాగితే పేషెంటుకు వెళ్లేది 8 యూనిట్లే. 100 వయల్‌ని ఎర్ర సిరంజిలో అదే 20 గీత దాకా లాగితే ఏకంగా 50! అందుకే ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లోడ్ చేసేటప్పుడు రెండో మనిషి వయల్, సిరంజి రెండూ చూడాలి. నోటితో "ఇరవయ్యా? ఆఁ" అంటే సరిపోదు. మధ్యలో పంపు అలారం మోగి వెళ్లాల్సి వస్తే, లోడ్ చేసింది పారేసి మొదటినుంచి మొదలుపెట్టండి. చార్టులో సంతకం మందు ఇచ్చిన వెంటనే బెడ్ దగ్గరే చేయండి, షిఫ్ట్ చివర్లో వరసగా కాదు. ఇచ్చారో లేదో అనుమానం వస్తే మళ్లీ ఇవ్వకండి. డ్యూటీ డాక్టరుకు చెప్పండి. ఇన్సులిన్ అయితే షుగర్ కూడా చూడండి.

నైట్‌కి వెళ్లేముందు గంటన్నర పడుకోండి. డ్యూటీలో వీలైతే 20 నిమిషాలు కునుకు తీయొచ్చు, కానీ లేచాక పావుగంట దాకా మందుల జోలికి వెళ్లొద్దు. కాఫీ రాత్రి 2 తర్వాత వద్దు. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. ఇంటికి వెళ్లేటప్పుడు కూలింగ్ గ్లాసులు, గదికి ముదురు కర్టెన్లు. ఆస్పత్రిలో చేతికందుతుంది కదా అని అల్‌ప్రజోలం (ఆందోళన తగ్గించే, నిద్ర తెప్పించే మాత్ర) మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. మరుసటి డ్యూటీలో మీరు వెతుక్కుంటున్న జ్ఞాపకాన్నే అది తినేస్తుంది.

డబ్ల్యూహెచ్‌ఓ 2019లో బర్నౌట్‌ని (పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడాన్ని) జబ్బుగా కాకుండా ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చెప్పింది. ఇంట్లో బీప్‌కి దడ రావడాన్ని మాత్రం నేను ఆ ఖాతాలో వేయను. అది ఆ రోజుల భయం ఇంకా వదలకపోవడం కావచ్చు, దానికి వేరే చికిత్స ఉంది. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బీ12 పరీక్షలు చేయించుకుని హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఓపీకి వెళ్లండి. ఫోన్‌లో అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే చేయండి.

రాజీనామా ఇప్పుడే రాయకండి. నిద్ర లేని బుర్రతో తీసుకునే నిర్ణయం కాదది. ముందు ఇంచార్జికి కాగితం మీద రాసివ్వండి: 6 వారాలు డబుల్ డ్యూటీ వద్దని, వరసగా 3 నైట్లు మించొద్దని, వీలైతే ఐసీయూ నుంచి వార్డుకు మార్చమని. చేయబోయి ఆగిన ఆ రెండు పొరపాట్లనూ తేదీ, టైము, అప్పుడు మీ చేతిలో ఎందరు పేషెంట్లున్నారో వేసి అదే కాగితంలో రాయండి. కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.