బావిలోకి పంపుతూనే జిగురు కలపడం ఎందుకు?

ప్రశ్న: మా అన్నయ్య కొడుకు కోనసీమ వైపు గ్యాసు బావుల్లో రాతిపొరలను చీల్చే పనిలో ఉన్నాడు. గోరుచిక్కుడు గింజల పొడిని నీటిలో కలిపి బావిలోకి పంపుతారనీ, ఆ జిగురును ముందుగా ట్యాంకుల్లో సిద్ధం చేసుకోకుండా పంపులు నడుస్తుండగానే కలుపుతున్నారనీ చెప్పాడు. ముందే కలిపి, సరిచూసుకుని పంపడం కంటే ఇది ఎలా మెరుగు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. అధిక పీడనంతో నీటిని పంపి రాతిపొరను చీల్చాక, ఆ చీలిక మళ్లీ మూసుకుపోకుండా అందులో ఇసుక నింపుతారు. పలుచని నీటిలో ఇసుక త్వరగా అడుగుకు దిగిపోతుంది కాబట్టి, దాన్ని మోసుకుపోయేంతగా నీటిని చిక్కబరచాలి. వెయ్యి లీటర్లకు సుమారు 2.5 నుంచి 5 కిలోల పొడి అందుకు సరిపోతుంది. అది మనం కూర వండుకునే గోరుచిక్కుడే. రాజస్థాన్‌లో గింజ కోసమే విస్తారంగా పండిస్తారు.

కష్టమంతా ఆ పొడి నానడంలో ఉంది. మరుగుతున్న ఎసట్లో చోడిపిండిని ఒక్కసారిగా పోస్తే ఉండలు కట్టినట్టే, ఇది కూడా పైపొర జిగురై లోపలికి నీరు పోనివ్వదు. బాగా చెదరగొట్టి కలిపినా పూర్తి చిక్కదనం రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నీరు చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. అందుకే ఒక్కొక్కటి దాదాపు 80,000 లీటర్లు పట్టే ట్యాంకుల్లో ముందే కలిపి, చిక్కదనం కొలిచి పంపేవారు. కానీ ఏ కారణం చేతనైనా పని మధ్యలో ఆగిపోతే, మిగిలిన జిగురు ఎక్కువకాలం నిలవదు; ఎండ వేడికి సూక్ష్మజీవులు పెరిగి దాన్ని పలుచబరుస్తాయి, అదంతా వ్యర్థంగా మిగులుతుంది. బావి పొలాల నడుమ ఉన్నప్పుడు నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించేది ఇదే.

కొత్త పద్ధతిలో పొడినీ నీటినీ కొలత ప్రకారం కలుపుతూ, అరలుగా విభజించిన ట్యాంకు గుండా, ముందు చేరినది ముందే బయటికి వెళ్లేలా నడిపిస్తారు. ఆ ప్రయాణమే నానే సమయం. ట్యాంకు 30,000 లీటర్లదై, పంపులు నిమిషానికి 6,000 లీటర్లు లాగుతుంటే 5 నిమిషాలు దొరుకుతాయి; వేగాన్ని 10,000కు పెంచితే 3 నిమిషాలే. ఆ వ్యవధి చాలకపోతే సరిగా నానని జిగురు లోపలికి వెళ్లి, ఇసుక దారిలోనే దిగి బావి పూడుకుపోవచ్చు. వరస కూడా ముఖ్యమే: నీరు కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటే పొడి త్వరగా నానుతుంది, కానీ బోరేటు అనే బోరాన్ లవణంతో జిగురును బిగించడానికి, అంటే ఇంకా చిక్కబరచడానికి, క్షారగుణం కావాలి, కాబట్టి క్షారాన్నీ బోరేటునూ పొడి నానిన తరువాతనే చేర్చాలి.

సరిచూసుకునే అవకాశం ఈ పద్ధతిలో పోదు, స్థానం మారుతుంది. ఆ పనికి వాడబోయే నీటితోనే, అదే ఉష్ణోగ్రత వద్ద, పొడి ఎన్ని నిమిషాల్లో నానుతుందో ప్రయోగశాలలో ముందుగా పరీక్షించి, పంపుల గరిష్ఠ వేగాన్ని దాన్నిబట్టి నిర్ణయించాలి. పని సాగుతున్నంతసేపూ ట్యాంకు చివరి అర నుంచి తరచుగా నమూనా తీసి చిక్కదనం కొలవాలి. మీ అన్నగారి అబ్బాయి పనిచేసే చోట ఈ రెండూ జరుగుతున్నాయో లేదో అడిగి తెలుసుకోండి.