కెప్టెన్ ఉండగా పైలట్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి ఓడలంటే పిచ్చి. పెద్దయ్యాక హార్బర్ పైలట్ అవుతానంటున్నాడు. పైలట్ అంటే విమానం నడిపేవాడనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఓడకు కెప్టెన్ ఉంటాడు కదా, మళ్లీ ఈ పైలట్ దేనికి? ఏదైనా జరగరానిది జరిగితే ఎవరిని అంటారు? అసలు ఏం చదవాలి?

జవాబు: ఓడ నడపడం కెప్టెన్‌కు బాగా వచ్చు, అందులో అనుమానం లేదు. కానీ ఆయన ఈ నెల ఒక రేవులో ఉంటే వచ్చే నెల ఇంకెక్కడో ఉంటాడు, కొన్ని రేవులకైతే జీవితంలో ఒక్కసారే వెళ్తాడేమో. ఇసుక ఎక్కడ మేట వేసింది, పోటు తిరిగే వేళ నీరు ఎటు లాగుతుంది, ఏ మలుపులో గాలి పక్కనుంచి తోస్తుంది, ఇవన్నీ రోజూ ఆ నీళ్లలోనే తిరిగేవాడికి తెలుస్తాయి. ఆ మనిషే పైలట్. పెద్ద ఓడల్ని లాగే, నెట్టే చిన్న పడవలైన టగ్గుల వాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడేదీ చాలాచోట్ల ఆయనే.

నడిసముద్రంలో ఓడకు కావలసినంత చోటు. రేవు కాలువలో అలా కాదు. లోతు తక్కువైన చోట వేగం పెంచితే ఓడ నీళ్లలోకి ఇంకాస్త దిగుతుంది, దీన్నే స్క్వాట్ అంటారు. గట్టుకు దగ్గరగా పోతే వెనకభాగం గట్టు వైపుకు లాగేసుకుపోయి ముందుభాగం అవతలికి తిరుగుతుంది. పోనీ నెమ్మదిగా వెళ్దామంటే చుక్కాని మాట వినదు. బ్రేకులా, లేవు.

ఓడలోకి ఎక్కడమే ఒక పరీక్ష. ఓడ ఆగదు. గాలి పెద్దగా తగలని వైపున తాళ్ల నిచ్చెన దించుతారు, దానికి చెక్క మెట్లుంటాయి. పైలట్ బోటు అదే వేగంతో ఓడను ఆనుకుని పరుగెడుతుంటే, అల మీద బోటు పైకి లేచిన క్షణం చూసి నిచ్చెన పట్టుకుని గబగబా ఎక్కేయాలి, ఎందుకంటే బోటు కిందున్నప్పుడు కాలు పెడితే తర్వాతి అలకు అదే బోటు పైకొచ్చి కాళ్లను నలిపేస్తుంది. ఎక్కే ఎత్తు 9 మీటర్లు దాటితే ఒట్టి తాళ్ల నిచ్చెన సరిపోదు, ఓడ పక్కన దించే మెట్లను కూడా జతచేయాలని అంతర్జాతీయ నిబంధన. ఈ నిచ్చెన దగ్గరే ప్రాణాలు పోగొట్టుకున్న పైలట్లు ఉన్నారు, అందుకే అది సరిగ్గా కట్టకపోతే ఎక్కనని చెప్పేయడం వాళ్ల హక్కని నేను గట్టిగా నమ్ముతాను.

బాధ్యత సంగతి. పైలట్ బ్రిడ్జి మీదికి, అంటే ఓడను నడిపే గదిలోకి రాగానే కెప్టెన్ చేతులు దులుపుకోవడానికి లేదు, చాలా దేశాల చట్టం ప్రకారం ఓడ బాధ్యత ఆయనదే, పైలట్ చెప్పింది తప్పనిపిస్తే ఆపాలి కూడా. పనామా కాలువ దీనికి మినహాయింపు, అక్కడ ఓడ నడక పైలట్ చేతిలోకి వెళ్తుంది. అలాగని పైలట్‌ను ఎవరూ ఏమీ అనరనుకోకండి. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కాస్కో బూసాన్ అనే ఓడ పొగమంచులో వంతెన స్తంభాన్ని రాసుకుని బోలెడు ఇంధనం నీటి పాలైతే, దాని పైలట్‌కు 10 నెలల జైలు పడింది. ఇంకోవైపు 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో డాలీ అనే ఓడకు కరెంటు పోయినప్పుడు, ఆ కొద్ది నిమిషాల్లోనే పైలట్ టగ్గుల్ని పిలిచి, లంగరు వేయించి, వంతెన మీద ట్రాఫిక్ ఆపమని కబురు పెట్టారు. ఓడ తగిలి వంతెన కూలింది, దాని మీద పనిచేస్తున్న ఆరుగురు పోయారు, కానీ వాహనాలు ఆగిపోవడంతో ఎందరో బతికారు.

ఇక చదువు. నేరుగా పైలట్‌ను చేసే డిగ్రీ కోసం వెతక్కండి. సాధారణంగా డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ నడిపే విభాగంలో శిక్షణ పొందే కుర్రాడిగా ఓడెక్కి, ఆఫీసర్ పరీక్షలు ఒక్కొక్కటే దాటుకుంటూ చీఫ్ మేట్ (కెప్టెన్ తర్వాతి అధికారి), మాస్టర్ (కెప్టెన్) దాకా వెళ్లాలి, అంటే సముద్రం మీదే ఏళ్లు గడుస్తాయి. చాలా రేవులు మాస్టర్ సర్టిఫికెట్ అడుగుతాయి, కొన్ని అంతకన్నా ముందే తీసుకుని తామే తయారుచేసుకుంటాయి. తర్వాత సీనియర్ పైలట్ పక్కన నిలబడి పగలూ రాత్రీ ట్రిప్పులు, స్థానిక పరీక్ష. అమెరికాలోనైతే కాలువ పటాన్ని చూడకుండా గీసి చూపించాలి, లోతులూ దీపాలతో సహా. పాసైనా మొదట చిన్న ఓడలే ఇస్తారు.

మీరు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. అబ్బాయికి రంగుల చూపు పరీక్ష చేయించండి. రాత్రిపూట ఎదురొచ్చే ఓడ ఎటు తిరిగి ఉందో ఎర్ర దీపం, పచ్చ దీపం చూసే చెప్పాలి, ఆ రెండింటికీ తేడా తెలియకపోతే డెక్ వైపు ఉద్యోగానికి మెడికల్‌లోనే ఆపేస్తారు.