చిన్నికి, డైనమో విప్పేముందు

చిరంజీవి చిన్నికి మావయ్య ఆశీస్సులు.

కారు డైనమో, అదే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది, పోయిందనీ నువ్వే మార్చుకుంటాననీ చెప్పి నిన్న నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ మీ అత్త ఒకటే గొడవ. "ఆ పిల్లకెందుకండీ గ్రీజు పని, ఎవరైనా మెకానిక్‌కి ఇచ్చెయ్యమనండి" అంటోంది. మీ అమ్మకి తెలిస్తే ఆవిడా అదే అంటుంది. నేను మాత్రం నువ్వే చెయ్యమంటాను. ముప్పై నాలుగేళ్లు ఆటోనగర్‌లో ఇదే పని చేసి బతికినవాణ్ణి, ఊరికే అనను. నీ కారులో డైనమో పైకే కనిపిస్తుంది, కారు కిందకి దూరాల్సిన పని లేదు. లైబ్రరీలో గంటలు లెక్కపెట్టుకుని సంపాదిస్తున్న డబ్బు కూలికింద పోతుంటే చూస్తూ ఊరుకోలేను.

నీది 2007 టొయోటా కరోలా అన్నావు కదా. ఆ ఇంజన్ నాకు బాగా తెలుసు. 2003లో మన దేశానికి వచ్చిన కరోలాకీ అదే 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్. బెజవాడలో ఆ కార్లు చాలానే నా చేతిమీదుగా వెళ్లాయి. తేడా ఒక్కటే: డైనమో రెండింట్లోనూ కారుకి కుడివైపే ఉన్నా, ఇక్కడ అది డ్రైవరు వైపు, కాన్సస్ సిటీలో నీకు పక్కసీటు వైపు.

అన్నట్టు, అక్కడ పార్టుల షాపులో డైనమో అని అడక్కు. ఆల్టర్నేటర్ అను. మనవాళ్ల నోట్లో ఆ పాత పేరు ఉండిపోయింది. పాత అంబాసిడర్లలో ఉన్నది నిజంగా డైనమోనే. సిగ్నల్ దగ్గర బండి ఆగి ఇంజన్ నెమ్మదిస్తే చాలు, హెడ్‌లైట్లు నూనె దీపాల్లా అయిపోయేవి. 1960లో అమెరికాలోనే క్రైస్లర్ వాళ్లు వాలియంట్ కారుకి ఆల్టర్నేటర్ పెట్టి అమ్మారు. తర్వాత ప్రపంచమంతా అదే దారి పట్టింది. ఇందులో లోపల పుట్టేది ఏసీ కరెంటు, దాన్ని డయోడ్లు, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న ముక్కలు, బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చి పంపుతాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగినా ఛార్జింగ్ ఆగదు. ఈ డయోడ్ల సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాను.

బ్యాటరీ గుర్తున్న ఎర్ర లైటు వెలిగింది కాబట్టి ఆల్టర్నేటర్ పోయిందని తేల్చేశావు. అక్కడే ఆగమ్మా. ఆ లైటు చెప్పేది ఛార్జింగ్ సరిగా లేదని మాత్రమే, ఎందుకు లేదో చెప్పదు. నేను షాపు పెట్టిన కొత్తలో ఒక మాస్టారి మారుతీకి ఇలాగే లైటు వెలిగితే డైనమో మార్చేశాను. వారం తిరక్కుండా ఆయన మళ్లీ వచ్చారు, అదే లైటు. చూస్తే ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి, వేలితో లాగితే ఊడొచ్చింది. పాత డైనమో తిరిగి బిగించి డబ్బంతా ఇచ్చేశాను. ఆయన ఒక్క మాటా అనలేదు, నాకే ఆ రాత్రి అన్నం సహించలేదు. అప్పట్నుంచీ మీటరు చెప్పేదాకా దేన్నీ విప్పలేదు.

కాబట్టి ముందు ఒక డిజిటల్ మీటరు కొనుక్కో. చవకది చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే, స్టార్టు చెయ్యకముందు బ్యాటరీ మీద కొలువు. నిండు బ్యాటరీ అయితే 12.6 దగ్గర చూపిస్తుంది. 12కి వచ్చిందంటే చాలావరకు ఖాళీ అయినట్టే. తర్వాత స్టార్టు చేసి మళ్లీ కొలువు. 13.8కీ 14.5కీ మధ్య ఉంటే ఆల్టర్నేటర్ పనిచేస్తోంది. 12.6 కంటే పైకి ఎక్కకుండా అంతకంతకూ దిగుతుంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే అది ఇంకా ప్రమాదం, వోల్టేజిని అదుపులో ఉంచే లోపలి రెగ్యులేటర్ పోయి బ్యాటరీని ఉడికించేస్తోందన్నమాట. మామూలుగా 14 చూపించినా తృప్తిపడకు. హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనక అద్దం వేడిచేసే స్విచ్చు అన్నీ వేసి చూడు. కొనఊపిరితో ఉన్న ఆల్టర్నేటర్ బరువు పడ్డప్పుడే బయటపడుతుంది.

ఛార్జింగ్ లేదని తేలినా దానిమీదకి పోకు. ముందు దాన్ని తిప్పే బెల్టు చూడు, పగుళ్లున్నాయా, వదులుగా ఉందా అని. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పూసుంటే వేడినీళ్లలో సోడా ఉప్పు కలిపి కడిగి, గీకి, బిగించి మళ్లీ కొలువు. ఆ పొడి చేతికి తగలనివ్వకు. ఫ్యూజులు చూడు. ఇవన్నీ బాగుంటే తీగల పరీక్ష చెయ్యి. ఇంజన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మీటరు ఒక కొస ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బిగించిన బోల్టుకి, రెండో కొస బ్యాటరీ ప్లస్‌కి తాకించు. అక్కడ 0.2, 0.3 కంటే ఎక్కువ చూపిస్తే కరెంటు దారిలోనే పోతోంది, తప్పు తీగది. అలాగే ఆల్టర్నేటర్ ఒంటి మీద ఒకటి, బ్యాటరీ మైనస్ మీద ఒకటి పెట్టి చూస్తే ఎర్త్ సంగతి తెలుస్తుంది. మాస్టారి కారుకి నేను చెయ్యని పరీక్ష ఇదే. బెల్టు తిరుగుతూ ఉంటుంది కాబట్టి చెయ్యి అక్కడికి పెట్టేటప్పుడు జాగ్రత్త, జుట్టు ముడేసుకో, చున్నీ, స్కార్ఫ్ ఇంట్లో వదిలేసి రా.

ఇక డయోడ్లు. ఒకటో రెండో పోతే ఆల్టర్నేటర్ సగం పనిచేస్తూ మోసం చేస్తుంది. కొన్నిసార్లు రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి లాగేసి పొద్దున్నకి ఖాళీ చేస్తుంది. జనం బ్యాటరీల మీద బ్యాటరీలు మారుస్తారు, దోషం ఇక్కడుంటే. మీటరుని ఏసీలో పెట్టి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద కొలిస్తే అర వోల్టు దాటకూడదు. అయితే చవక మీటర్లు ఈ కొలతలో తప్పు చెబుతాయి, మంచి కండిషన్లో ఉన్న నీ స్నేహితురాలి కారు మీద ముందు కొలిచి, ఆ అంకెతో పోల్చుకో.

పోయినేడు డాలస్‌లో మీ బావ దగ్గరున్నప్పుడు ఆటోజోన్, ఓరైలీ షాపుల్లోకి వెళ్లి చూశాను. ఆల్టర్నేటర్నీ బ్యాటరీనీ ఊరికే పరీక్ష చేసి చెబుతారు. పనిముట్లు కూడా డిపాజిట్ కట్టించుకుని ఇస్తారు, తిరిగిస్తే డబ్బు వాపసు. నాకది చాలా నచ్చింది. నీ మీటరు లెక్క, వాళ్ల పరీక్ష ఒకటే చెబితే అప్పుడు కొను.

కొనేటప్పుడు పూర్తిగా కొత్తదీ ఉంటుంది, పాతది విప్పి లోపల మార్చి మళ్లీ కట్టిందీ ఉంటుంది. టొయోటాకి డెన్సో అనే పార్టుల కంపెనీ వాళ్లవి వచ్చేవి కాబట్టి డెన్సో కట్టింది దొరికితే నా ఓటు దానికే. ఊరూపేరూ లేని మరీ చవకది వద్దు, ఆరు నెలలకి మళ్లీ ఇదే పని పడుతుంది. కొన్నప్పుడు పాతది తెచ్చిస్తే తిరిగిస్తామని కొంత సొమ్ము అదనంగా పట్టుకుంటారు, కోర్ ఛార్జి అంటారు. పాతది పారేయకుండా అదే పెట్టెలో తీసుకెళ్లి ఇచ్చి ఆ డబ్బు తెచ్చుకో. కొత్తదాన్ని కౌంటరు మీదే ఒకసారి మిషన్ మీద పెట్టి చూపించమను. పుల్లీకి, అంటే బెల్టు తిరిగే చక్రానికి, గాడులు ఎన్నో లెక్కపెట్టు, సన్న తీగలు వచ్చి కూర్చునే ప్లగ్గు ఆకారం చూడు. నీ దగ్గరున్న పాతదాని ఫోటోతో పోల్చకుండా షాపు దాటకు.

ఎక్కడ చేస్తావో కూడా ఆలోచించు. అపార్ట్‌మెంట్ పార్కింగులో రిపేరు చెయ్యకూడదని చాలాచోట్ల అగ్రిమెంటులో రాస్తారట, నీది తీసి చదువు. ఆ స్నేహితురాలి ఇంటిముందు చేసుకుంటే ఇంకో కారు కూడా అందుబాటులో ఉంటుంది, మధ్యలో ఏదైనా కావాలంటే షాపుకి పరిగెత్తడానికి. అక్కడిదాకా నడిపేటప్పుడు పగలే వెళ్లు. ఏసీ, బ్లోయరు, రేడియో ఆపెయ్యి, మధ్యలో ఇంజన్ ఆపకు. ఆపితే మళ్లీ స్టార్టు కాకపోవచ్చు. బెల్టే తెగిపోతే మాత్రం ఒక్క మైలు కూడా వద్దు. నీ కారులో వాటర్ పంపుని తిప్పేదీ అదే బెల్టు, ఇంజన్ కాగిపోతుంది.

ఇప్పుడు అసలు మాట. నా ఎడమ మణికట్టు చుట్టూ ఉన్న మచ్చ నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు, ఏమైందని అడిగితే పొయ్యి మీద పడ్డానని చెప్పేవాణ్ణి. అది పొయ్యి కాదు. పనిలో చేరిన రెండో ఏడు, బ్యాటరీ ఎర్త్ తీగ, అదే మైనస్ తీగ, తియ్యకుండా ఆల్టర్నేటర్ లావు తీగ విప్పబోయాను. స్టీలు కడియం ఒక పక్క బోల్టుకి, ఇంకో పక్క ఇంజన్‌కి తగిలింది. రెప్పపాటులో కడియం ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుంది. ఆ తీగ నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటూనే ఉంటుంది. అందుకని ముందు గాజులు, ఉంగరం, వాచీ, మెడలో గొలుసు అన్నీ తీసి లోపల పెట్టు. బ్యాటరీ మైనస్ తీగ మొదట విప్పి, అది మళ్లీ వచ్చి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి పెట్టు. బిగించేటప్పుడు అదే అన్నిటికంటే చివర. రేడియో స్టేషన్లు, గడియారం పోతాయి, మళ్లీ పెట్టుకుంటావు.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టు. ఏదీ కదపకముందు బెల్టు ఏ పుల్లీ మీద ఎటు తిరిగిందో ఫోన్లో రెండు మూడు వైపుల నుంచి ఫోటోలు తియ్యి. బెల్టుని బిగించి ఉంచే టెన్షనర్ ఉంటుంది, దానికి 19 నంబరు పానా పెట్టి గడియారం ముళ్లు తిరిగేవైపు నిదానంగా తిప్పితే బెల్టు వదులవుతుంది. స్ప్రింగు బలంగా ఉంటుంది, పొడుగు పిడి ఉన్న పానా అడిగి తెచ్చుకో. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఆల్టర్నేటర్ పుల్లీ మీద నుంచి బెల్టు జార్చెయ్యి. టెన్షనర్ని టక్కున వదలకు, మెల్లగా వెనక్కి రానివ్వు.

తర్వాత ప్లగ్గు. నొక్కే నాలిక ఉంటుంది, అది నొక్కి లాగాలి, తీగలు పట్టుకుని లాగకు. ఇన్నేళ్ల ప్లాస్టిక్కు, చలిలో పెళుసుగా ఉంటుంది. రబ్బరు టోపీ తీసి లావు తీగ నట్టు 10 నంబరుతో విప్పు. ఆపైన పట్టుకునే బోల్టులు రెండు, ఒకదానికి 12, ఒకదానికి 14 పడుతుంది. ఏది ఎక్కడిదో కలిసిపోకుండా ఒక అట్టముక్క మీద గుచ్చి పెట్టుకో.

బోల్టులు తీసేశాక కూడా అది రాదు. అప్పుడు కంగారుపడకు, ఇంకో బోల్టు ఉందేమోనని గంటసేపు వెతకొద్దు. ఇన్నేళ్లు బిగుసుకుని కూర్చుంది, అంతే. బోల్టులు ఉన్న చోట కాస్త తుప్పు వదిలే నూనె కొట్టి, పావుగంట ఆగి, అటూ ఇటూ ఊపుతూ పైకి లాగు. చిన్న కర్రముక్క తన్నుపెట్టి లేపొచ్చు. రేడియేటర్ మీద మాత్రం ఆనించి ఎత్తకు, దాని రెక్కలు సన్నవి. బరువుంటుంది, రెండు చేతులతో పట్టుకో.

కొత్తది దిగనంటుంది కొన్నిసార్లు. ఆల్టర్నేటర్‌కి బోల్టు దూర్చే చెవి రంధ్రంలో బుష్ అనే ఉక్కు గొట్టం ముక్క ఉంటుంది, అది కాస్త బయటికి జరిగి ఉంటే చోటు చాలదు. దాన్ని సుత్తితో మెల్లగా వెనక్కి తట్టితే నెయ్యిలా కూర్చుంటుంది. బోల్టులు ముందు వేళ్లతోనే తిప్పు, మూడు నాలుగు చుట్లు సాఫీగా వెళ్లాకే పానా పట్టు. అల్యూమినియం మరలు అడ్డంగా ఎక్కితే మళ్లీ బాగుపడవు. లావు తీగ నట్టు గట్టిగా ఉండాలి గానీ బలమంతా చూపించకు, బోల్టు విరుగుతుంది. టోపీ మర్చిపోకు. ప్లగ్గు క్లిక్కుమన్న శబ్దం వినిపించాలి.

బెల్టు తిరిగి వేసేటప్పుడు ఫోటో చూస్తూ వెయ్యి. చాలామంది తప్పేది ఇక్కడే: ఒక గాడి పక్కకి కూర్చుంటుంది, పైనుంచి చూస్తే బాగానే కనపడుతుంది, పది నిమిషాల్లో అంచు పీచులుపీచులు అయిపోతుంది. టార్చి వేసి కింద పెద్ద పుల్లీతో సహా ప్రతిదాని మీదా వేలితో తడిమి చూడు. పాత బెల్టుకి పగుళ్లు కనిపిస్తే దీంతోపాటే మార్చెయ్యి.

స్టార్టు చెయ్యకముందు బ్యాటరీని ఛార్జరు మీద పెట్టి నింపు, లేదా ఆ షాపులోనే నింపించు. చచ్చిన బ్యాటరీని నింపే బరువంతా కొత్త ఆల్టర్నేటర్ మీద మొదటిరోజే వెయ్యొద్దు, అది కాగిపోతుంది. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ తీగ పీకి పరీక్ష చేసే పాత పద్ధతి ఎవరైనా చెబితే వినకు. నా చిన్నప్పుడు అందరం అలాగే చేసేవాళ్లం, ఆ బండ్లలో కంప్యూటర్లు లేవు. నీ కారులో అలా చేస్తే ఒక్కసారిగా వోల్టేజి ఎగసి కంప్యూటర్ని కాల్చేస్తుంది.

స్టార్టు అయ్యాక లైటు ఆరాలి, మీటరు 14 చుట్టుపక్కల చూపించాలి. అన్నీ వేసి మళ్లీ కొలువు, ఐదు నిమిషాలు పక్కన నిలబడి విను.

నాకైతే అరగంట పని. నీకు మొదటిసారి మూడు గంటలు పట్టినా ఫరవాలేదు, సాయంత్రం చీకటి పడేలోపు అయిపోయేలా పొద్దున్నే మొదలుపెట్టు. శనివారం నువ్వు పదింటికి బానెట్ ఎత్తితే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. నేను పడుకోను. ఎర్త్ తీగ తీశాక ఒక ఫోటో, బెల్టు వేశాక ఒక ఫోటో, చివర మీటరు అంకె కనిపించేలా ఒక ఫోటో పంపు. మీ అమ్మకి ఆ మూడోది వచ్చాకే చెబుతాను.

మీ మావయ్య